ఫుల్‌ఫ్రేమ్ సరే, లెన్సు మాటేమిటి?

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి ఊళ్లలో స్టూడియో బోర్డు కన్నడంలో ఉంటుంది, లోపల బేరం చాలావరకు తెలుగులో నడుస్తుంది. ఆ బేరంలోకి కొన్నేళ్లుగా కొత్తగా వచ్చి చేరిన మాట ‘ఫుల్‌ఫ్రేమ్’. పెళ్లి ఒప్పుకునే స్టూడియో యజమాని, తెల్లారేసరికి నంది కొండ మీద ఉండాలనుకునే ఉద్యోగి, చింతచెట్ల మీది కొంగల కోసం సరిహద్దు దాటే పక్షి ప్రేమికుడు, ముగ్గురూ ఏదో ఒకనాడు పాత కెమెరా అమ్మేసి పెద్ద సెన్సరుకు మారాలనుకుంటారు. డబ్బు కూడబెడతారు, బాడీ కొంటారు. లెన్సు సంగతి తర్వాత చూద్దామనుకుంటారు.

చిక్కు అక్కడే మొదలవుతుంది. పాత లెన్సు కొత్త బాడీకి పట్టదు. పట్టినా బొమ్మ మూలలు నల్లబడతాయి, లేదా కెమెరా తనంతట తానే సెన్సరులో మధ్యభాగం మాత్రం వాడుకుని మిగతాది పక్కన పెట్టేస్తుంది. లక్షకు పైగా పోసి కొన్న పెద్ద సెన్సరులో సగానికి పైగా ఊరికే పడి ఉంటుంది. అందుకే ఈ మార్పులో బాడీ ఎంపిక రెండో ప్రశ్న. లెన్సే మొదటిది. ఆ లెన్సును తేల్చాల్సింది కంపెనీ పేరూ కాదు, యూట్యూబ్ పోలికలూ కాదు. ఫొటోగ్రాఫరుకు నిలబడడానికి ఎంత చోటు దొరుకుతుందన్నదే. ఈ మూడు తాలూకాల్లో ఆ చోటు పనిని బట్టి బాగా మారిపోతుంది కాబట్టి, ఒక్క సమాధానం అందరికీ సరిపోదు.

ముందు ఆ పేరు గురించి కాస్త. ఫుల్‌ఫ్రేమ్ అంటే 36 × 24 మిల్లీమీటర్ల సెన్సరు. పేరు వింటే ఇంతకు మించింది లేదేమో అనిపిస్తుంది. హైదరాబాదులో ఆరో నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్‌దయాళ్ వాడిన గాజు పలకల పక్కన పెడితే ఇది తపాలా బిళ్ల. జర్మనీలో లైట్జ్ కంపెనీ ఇంజనీరు ఓస్కార్ బార్నాక్ సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించి, రెండు సినిమా ఫ్రేముల చోటును ఒక్క ఫొటోకు వాడాడు. ఆ కొలతతో లైకా కెమెరా 1925లో మార్కెట్లోకి వచ్చింది. అంటే సినిమా ఫ్రేము అందులో సగమే. 1957 నాటి ‘మాయాబజార్’ను మార్కస్ బార్ట్‌లీ తీసిన 35 మి.మీ. ఫిల్ము మీద ఒక్కో ఫ్రేము సుమారు 22 × 16 మి.మీ. ఇవాళ్టి కెనాన్ ఏపీఎస్-సీ సెన్సరు 22.3 × 14.9. తెలుగువాళ్లు ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్న ఆ సినిమాలోని వెన్నెల, ఇప్పుడు స్టూడియోల్లో ‘క్రాప్ సెన్సరు’ అని తేలిగ్గా తీసేసే కొలతలోనే పట్టింది. ఫుల్‌ఫ్రేమ్ లేకపోతే పని జరగదనేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

డిజిటల్‌లో ఈ కొలత జనానికి అందడానికి చాలాకాలం పట్టింది. కెనాన్ ఈఓఎస్-1డీఎస్ 2002లో వచ్చినా అది పెద్ద స్టూడియోలకే. 2005లో 5డీ, 2008లో 5డీ మార్క్-2, నికాన్ డీ700 వచ్చాక పెళ్లి ఫొటోగ్రాఫర్లు ఇటు చూశారు. సోనీ ఏ7 (2013) అద్దం తీసేసి బరువు తగ్గించింది. 2018లో నికాన్ జెడ్ మౌంటు, కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంటు ఒకే ఏడాది దిగాయి. వాటితో పాటే పాత లెన్సుల గతేమిటన్న ప్రశ్న కూడా దిగింది.

సెన్సరు పెరిగితే ఏమవుతుందో చెప్పడానికి నోటిలెక్క ఒకటి చాలు. మనిషికీ కెమెరాకూ మధ్య దూరాన్ని సెన్సరు వెడల్పుతో గుణించి, లెన్సు ఫోకల్ లెంగ్తుతో భాగిస్తే ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో తెలుస్తుంది. మూడు మీటర్ల దూరం నుంచి 50 మి.మీ. లెన్సు, కెనాన్ క్రాప్ సెన్సరు మీద 1.34 మీటర్లు చూపిస్తుంది. వధూవరులు నడుం దాకా వస్తారు. అదే లెన్సు ఫుల్‌ఫ్రేమ్ మీద 2.16 మీటర్లు చూపిస్తుంది. అటు పెళ్లికూతురి తల్లి, ఇటు పురోహితుడి భుజం కూడా వచ్చేస్తాయి. లెన్సు మారలేదు, నిలబడ్డ చోటూ మారలేదు, బొమ్మ మారిపోయింది. పాత అలవాటులో అడుగులు వేసే ఫొటోగ్రాఫరుకు మొదటి నాలుగైదు పెళ్లిళ్లు అందుకే తికమకగా ఉంటాయి.

వెలుగు లెక్క ఇంకా మోసం చేస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు, కెనాన్ క్రాప్‌ది 332 దాకా. రెండున్నర రెట్లకు పైగా తేడా, స్టాపుల్లో చెబితే ఒకటిన్నరకు కాస్త తక్కువ. చీకటి చౌల్ట్రీలో నాయిస్ తగ్గేదీ, వెనుక దృశ్యం ఎక్కువ బ్లర్ అయ్యేదీ ఈ తేడా వల్లే. కానీ ఆ లాభం లెన్సు ద్వారం కూడా తగ్గకుండా ఉంటేనే దక్కుతుంది. క్రాప్ బాడీ మీద ఎఫ్/1.8 ఇచ్చే బ్లరూ, నాయిసూ ఫుల్‌ఫ్రేమ్ మీద సుమారు ఎఫ్/2.8 తో సమానం. కాబట్టి ఇన్నాళ్లూ చవక 50 ఎఫ్/1.8 తో నెట్టుకొచ్చినవాడు, ఫుల్‌ఫ్రేమ్ బాడీ మీదికి ఎఫ్/4 జూము ఒక్కటే తెచ్చుకుంటే, ఆ రెండు విషయాల్లో ముందుకు రాకపోగా ఒక స్టాపు వెనక్కు పోయినట్టే. అమ్మేవాళ్లెవరూ ఈ ముక్క చెప్పరు.

ఇక బ్యాగులో ఉన్న పాత లెన్సులు. కెనాన్ వాడేవాళ్ల దగ్గర 18-55, 55-250 లాంటి ఈఎఫ్-ఎస్ లెన్సులుంటాయి. వాటి వెనుకభాగం బాడీలోకి చొచ్చుకొస్తుంది కాబట్టి అద్దమున్న ఫుల్‌ఫ్రేమ్ బాడీకి అవి అసలు బిగియవు. ఆర్‌ఎఫ్ బాడీకి అడాప్టరుతో బిగుస్తాయి, ఆటోఫోకస్ బాగానే పనిచేస్తుంది, కానీ కెమెరా క్రాప్‌లోకి వెళ్లిపోయి 24 మెగాపిక్సెళ్లు తొమ్మిది చిల్లరకు పడిపోతాయి. నికాన్‌లో డీఎక్స్ (క్రాప్) లెన్సులు ఎఫ్‌ఎక్స్ (ఫుల్‌ఫ్రేమ్) బాడీకి బిగుస్తాయి. 24 మెగాపిక్సెళ్ల డీ750 వాటితో పదింటికి దిగుతుంది. ఆల్బమ్‌లో చిన్న ఫొటోకు అది చాలు, రెండు పేజీలు పరిచే ఫొటోకు చాలదు. టోకీనా 11-16 లాంటి బయటి కంపెనీ లెన్సు ఒకటి రెండు మాత్రం తమాషాగా బతికిపోతాయి. అది క్రాప్ కోసం చేసిందే అయినా, 16 దగ్గర పెడితే ఫుల్‌ఫ్రేమ్‌ను దాదాపు నింపేస్తుంది.

పాత నికాన్ వాళ్లు పడే గుంట వేరే ఉంది. 50 ఎఫ్/1.8 డీ, 85 ఎఫ్/1.8 డీ లాంటి ఏఎఫ్-డీ లెన్సులకు సొంత మోటారు లేదు, బాడీలోని మోటారే స్క్రూ తిప్పి ఫోకస్ చేస్తుంది. నికాన్ జెడ్ బాడీలోనూ ఎఫ్‌టీజెడ్ అడాప్టరులోనూ ఆ మోటారు లేదు. ఏఎఫ్-ఎస్ లెన్సులు హాయిగా నడుస్తాయి, ఏఎఫ్-డీ లెన్సును చేత్తో తిప్పుకోవాల్సిందే. తాళి కట్టేవేళ చేత్తో ఫోకస్ తిప్పే ధైర్యం ఫిల్ము రోజుల్లో చేయి తిరిగినవాళ్లకు తప్ప ఉండదు.

పెళ్లే ఈ ప్రాంతంలో కెమెరాకు అన్నం పెట్టేది. కాబట్టి లెన్సు లెక్క అక్కడే నిదానంగా చూడాలి.

సరిహద్దు పెళ్లిళ్లలో చాలాచోట్ల ముందురోజు సాయంత్రం రిసెప్షన్, మర్నాడు తెల్లవారుజామునో పొద్దున్నో ముహూర్తం. రిసెప్షన్‌లో వధూవరులు వేదిక మీద నిలబడతారు, బంధువులు వరుస కట్టి ఎక్కుతారు, గుంపు తర్వాత గుంపు ఫొటో. పన్నెండు మంది ఒకే వరుసలో నిలబడితే మనిషికి అరమీటరు చొప్పున ఆరు మీటర్ల వెడల్పు. ఫుల్‌ఫ్రేమ్ మీద 24 మి.మీ. తో అది పట్టాలంటే నాలుగు మీటర్లు వెనక్కు వెళ్లాలి. 28 మి.మీ. తో అయితే నాలుగు మీటర్ల అరవై ఏడు సెంటీమీటర్లు. తేడా రెండడుగుల చిల్లర. కాగితం మీద చూస్తే అదేం లెక్కలోకి రాదు. వేదిక అంచు వీపు వెనుకే ఉండి, కింద మొదటి వరుస కుర్చీల్లో పెద్దలు కూర్చుని ఉన్నప్పుడు, ఆ రెండడుగులే పన్నెండో మనిషిని ఉంచడమా తీసేయడమా తేలుస్తాయి.

సోనీ బాడీల మీద బాగా పేరున్న టామ్రాన్ 28-75 ఎఫ్/2.8 కథ ఇదే. 2018లో వచ్చిన మొదటి కూర్పు 550 గ్రాములు. సోనీ సొంత 24-70 ఎఫ్/2.8 జీఎం మొదటి కూర్పు 886. ధరలోనూ దూరం చాలా ఉంది. మణికట్టుకూ జేబుకూ టామ్రానే మేలు. వెడల్పు చివర ఆ నాలుగు మిల్లీమీటర్లు పోతాయి. ఇందులో ఇంకో మెలిక ఉంది. 24 దగ్గర తీస్తే అంచున నిలబడ్డవాళ్లు పక్కకు సాగుతారు. వరుస చివర నిలబడ్డ మేనత్తకు ఒళ్లు చేసినట్టు కనిపిస్తుంది, ఆల్బమ్ విప్పగానే మొదట అడిగేదీ ఆవిడే. చోటున్నచోట 28 నుంచి 35 మధ్య తీసి, లేనిచోట జనాన్ని రెండు వరుసలు చేయడం మంచిది. 24 అవసరమే గానీ, అది అత్యవసర ద్వారం లాంటిదన్న ఎరుకతో వాడితే బాగుంటుంది.

ముహూర్తం సంగతి వేరు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పటికి మంటపం చుట్టూ వలయం బిగుసుకుంటుంది. పురోహితుడు ఒకవైపు, వీడియో అతను మోకాళ్ల మీద, అతని లైటు ఇంకో కుర్రాడి చేతిలో, అడ్డుతెర పట్టుకున్న బావమరుదులు, వాళ్ల మధ్య నుంచి చాచిన ఫోన్లు. అడ్డుతెర దిగుతుంది, బాజాలు హోరెత్తుతాయి, పెళ్లికొడుకు రెండు చేతులూ పెళ్లికూతురి మెడ వెనక్కు పోతాయి, అక్షింతలు కెమెరా ముందు తెల్లటి చుక్కలై పడతాయి. ఆ క్షణంలో ఫొటోగ్రాఫరుకు దొరికేది రెండు మీటర్లు. 70-200 తీసుకుని హాలు మధ్యలో నిలబడ్డవాడికి అక్షింతలు వేయడానికి లేచినవాళ్ల వీపులే దొరుకుతాయి. పెళ్లికి 70-200 తప్పనిసరి అనే మాట చర్చి పెళ్లిళ్ల నుంచి వచ్చింది. అక్కడ ఫొటోగ్రాఫరు దూరంగా ఉండాలి, జనం కూర్చుని ఉంటారు. మన మంటపం దగ్గర ఆ లెన్సు పనికొచ్చేది తాళి కట్టేవేళ కాదు. ముందురోజు సాయంత్రం, హాల్లో నవ్వుకునే మొహాల కోసం. మర్నాడు అప్పగింతల్లో, దగ్గరకెళ్తే ఏడుపు ఆగిపోతుందేమో అనిపించేచోట.

రెండు లక్షలు దాటే కొత్త 70-200 ఎఫ్/2.8 ను మొదటి ఏడాదే కొనక్కర్లేదనడానికి ఇదే కారణం. వైడు, స్టాండర్డు, టెలి మూడు ఎఫ్/2.8 జూములను కలిపి ఒక సెట్టుగా కొనాలన్న సలహా పెద్ద నగరాల స్టూడియోలకు సరిపోవచ్చు. ముహూర్తాల నెలల్లో మాత్రమే నిండుగా పని దొరికే తాలూకా స్టూడియోకు అది అప్పు.

85 మి.మీ. లెన్సు మీద మోజు ఇంకొకటి. ఎఫ్/1.2 లెన్సుతో రెండు మీటర్ల దూరంలో పెళ్లికూతురిని తీస్తే, స్పష్టంగా ఉండే లోతు మొత్తం నాలుగు సెంటీమీటర్లు. ముక్కుపుడక మీద ఫోకస్ పడితే కమ్మలు కరిగిపోతాయి. పట్టుచీర జరీ అంచు, బాసికం, పాపిడి బిళ్ల, వంకీ అన్నీ చూపించమని డబ్బిచ్చే కుటుంబానికి ఆ బ్లరు అందం కాదు, నగ పోయినట్టు. ఎఫ్/1.8 లో ఆరు సెంటీమీటర్లు దొరుకుతుంది, ధర ఎన్నో రెట్లు తక్కువ, బరువూ తక్కువే. ఎఫ్/1.8 లేదా ఎఫ్/2 లెన్సును ఎఫ్/2.8 దగ్గర వాడేవాడు ఏమీ పోగొట్టుకోడు.

2021లో టామ్రాన్ తెచ్చిన 35-150 ఎఫ్/2-2.8 ఈ లెక్కలన్నీ తలకిందులు చేసింది. రిసెప్షన్ నుంచి అప్పగింతల దాకా ఒక్క లెన్సుతో నడిపించేయొచ్చు. 1165 గ్రాములు; మెడకు తెలుస్తుంది. 35 తో పన్నెండు మందిని పట్టాలంటే 19 అడుగులు వెనక్కు పోవాలి కాబట్టి గుంపు ఫొటోలకు రెండో బాడీ మీద వైడు లెన్సు తప్పదు. పైగా ఇది సోనీ, నికాన్ జెడ్ మౌంట్లకే.

కెనాన్ వాళ్లకు లేకపోవడానికి కారణం లెన్సు కాదు, తలుపు. సోనీ తన ఈ-మౌంటు వివరాలను 2011లోనే బయటి కంపెనీలకు ఇచ్చేసింది. అందుకే టామ్రాన్, సిగ్మా లెన్సులు సోనీకి గుట్టలుగా ఉన్నాయి. కెనాన్ ఆర్‌ఎఫ్ మౌంటును మూసి పెట్టుకుంది. 2024లో సిగ్మా, టామ్రాన్‌లకు అనుమతి ఇచ్చినా అది ఏపీఎస్-సీ లెన్సులకే. తక్కువ డబ్బుతో ఫుల్‌ఫ్రేమ్‌లోకి రావాలనుకునేవాళ్లు బాడీ ధరలు పక్కపక్కన పెట్టి చూసుకునే బదులు, ఒక స్టాండర్డు జూము, ఒక 85, ఒక వైడు కలిపిన మొత్తం ధరలు పోల్చుకుంటే కంపెనీ ఎంపిక దానంతటదే తేలుతుంది. కెనాన్ వాళ్లకు ఉన్న ఊరట పాత ఈఎఫ్ లెన్సులు. 1987 నుంచి వచ్చిన ఆ లెన్సులన్నీ అడాప్టరుతో ఆర్ బాడీల మీద పనిచేస్తాయి. 2010 నాటి 70-200 ఎఫ్/2.8 రెండో కూర్పు 1490 గ్రాముల బండ. కొత్త ఆర్‌ఎఫ్ 1070 గ్రాములే. బరువు మోయగలిగినవాడికి పాతదాని సెకండ్‌హ్యాండ్ ధర కొత్తదానికి చాలా దూరంలో ఉంటుంది, బొమ్మలో తేడా మాత్రం ఆల్బమ్ చూసేవాడికి అందదు.

పెళ్లిళ్ల మధ్య ఖాళీలో, లేదా పెళ్లితో పనిలేనివాళ్లకు, ఇక్కడ కొండలూ గుళ్లూ ఉన్నాయి. 1478 మీటర్ల నంది కొండ, ఎదురుగా స్కందగిరి, గుడిబండ కోట, కింద నంది గ్రామంలో భోగనందీశ్వరుడు. బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే దిగితే లేపాక్షి. మొదటిసారి ఫుల్‌ఫ్రేమ్ కొన్నవాళ్లు ఇలాంటి చోట్లకు అనగానే 14-24 లేదా 16-35 వైపు చేయి చాస్తారు. నంది కొండ మీద తెల్లవారుజామున మబ్బుసంద్రం కమ్ముకున్నప్పుడు 16 మి.మీ. తో తీస్తే, కంటికి అంత పెద్దగా కనిపించిన కొండలు ఫొటోలో గులకరాళ్లయిపోతాయి, మూడొంతులు ఖాళీ ఆకాశం. ఒకదాని వెనుక ఒకటిగా పొరలు పొరలుగా ఉండే ఆ కొండలకు 70 నుంచి 200 మధ్యే సరైంది. అక్కడ వెలుగు కోసం ట్రైపాడ్ వేసుకోవచ్చు, కదిలేది ఏమీ ఉండదు. కాబట్టి ఎఫ్/2.8 కూడా అక్కర్లేదు, తేలికపాటి ఎఫ్/4 టెలి జూము చాలు. మెట్లెక్కే మోకాళ్లు ధన్యవాదాలు చెబుతాయి. గుడిబండ కోట ఎక్కి, భారతదేశ పటంలా ఉందని స్థానికులు మురిసిపోయే అమానీ భైరసాగర చెరువును తీయాలనుకుంటే మాత్రం 24 మి.మీ. అటూఇటూ కావాలి. రెండూ చేసే లెన్సు 24-105 ఎఫ్/4, నికాన్‌లో అయితే 24-120 ఎఫ్/4. 630 గ్రాముల నికాన్ 24-120, పెళ్లిళ్లు చేయనివాడికి మొదటి లెన్సుగా దొరికేవాటిలో చాలా తెలివైన బేరం.

లేపాక్షి నంది పొడవు 27 అడుగులు. 24 మి.మీ. తో 18 అడుగుల దగ్గర నుంచి దాన్ని నింపేయొచ్చు, కానీ మూతి ముందుకు పొడుచుకొచ్చి, వెనుకభాగం కుంచించుకుపోతుంది. శిల్పి చెక్కిన నిష్పత్తి పోతుంది. అది ఆరుబయట ఉంది, వెనక్కు నడవడానికి చోటుంది. 37 అడుగులకు పైగా వెనక్కు వెళ్లి 50 తో తీస్తే నంది నందిలా ఉంటుంది. గుడి లోపల లెక్క తిరగబడుతుంది. మంటపాల పైకప్పు మీది విజయనగర కాలపు చిత్రాలను తీయాలంటే వెనక్కు నడిచే చోటే లేదు, ఉన్న ఎత్తే దూరం. పైకప్పు 12 అడుగుల ఎత్తులో ఉందనుకుంటే, నేల మీద వెల్లకిలా పెట్టిన ఫుల్‌ఫ్రేమ్ కెమెరా 24 మి.మీ. తో 18 అడుగుల వెడల్పు చూపిస్తుంది. కెనాన్ క్రాప్ మీద అంత చూడాలంటే 15 మి.మీ. కావాలి. 18-55 కిట్ లెన్సు అక్కడ చేతులెత్తేస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ లాభం స్పష్టంగా కనిపించే చోటు ఇదే.

ఇంకో విషయం చాలామంది అక్కడికెళ్లాకే తెలుసుకుంటారు. లేపాక్షి, భోగనందీశ్వరం రెండూ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. అనుమతి లేకుండా ట్రైపాడ్ వేయనివ్వరు. కెమెరా లోపలి సెన్సరు స్థిరీకరణగానీ, లెన్సు స్థిరీకరణగానీ అక్కడ ట్రైపాడ్ పని చేస్తుంది. రాయి కదలదు కాబట్టి ఎఫ్/4 లెన్సుతో షట్టరును నెమ్మదింపజేసి చేత్తోనే తీయొచ్చు. ఎఫ్/2.8 వైడు జూముకు పోసే అదనపు డబ్బు ఈ గుళ్లలో తిరిగి రాదు. రాత్రి ఆకాశం, నక్షత్రాలు తీసేవాళ్ల సంగతి వేరు.

పక్షుల దగ్గరకొచ్చేసరికి వ్యాసం మొదటి నుంచి చెబుతున్నదానికి ఎదురు మాట చెప్పాలి. ఫుల్‌ఫ్రేమ్‌కు మారితే చాలామందికి నష్టమే.

చిలమత్తూరు మండలంలోని వీరాపురం బాగేపల్లికి దగ్గరే. ఏటా చలికాలం చివర ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కడతాయి, పిల్లలు ఎగిరేదాకా ఉంటాయి. ఊరివాళ్లు వాటిని ఆడపిల్లలు పుట్టింటికి వచ్చినట్టు చూస్తారు. అక్కడ పక్షి దగ్గరగానే దొరుకుతుంది. మీటరు ఎత్తుండే కొంగను 25 మీటర్ల దూరం నుంచి 400 మి.మీ. తో తీస్తే ఫుల్‌ఫ్రేమ్‌లో ఒకటిన్నర మీటరు ఎత్తు పడుతుంది. కొంగ, గూడు, కొమ్మ అన్నీ కుదురుతాయి. అదే కెనాన్ క్రాప్ మీద 93 సెంటీమీటర్లే, ముక్కు తెగుతుంది. కాబట్టి వీరాపురానికి 600 మోసుకెళ్లక్కర్లేదు.

గౌరీబిదనూరు అవతల, మధుగిరి తాలూకా మైదనహళ్లి దగ్గర జయమంగలి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతంలో సంగతి అలా కాదు. అది గడ్డి మైదానం, దాక్కోవడానికి ఏమీ లేదు, జింక నూరు మీటర్లు దాటి దగ్గరకు రానివ్వదనుకోండి. 600 మి.మీ. పెట్టినా ఫుల్‌ఫ్రేమ్‌లో ఆరు మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. మీటరూ ఇరవై సెంటీమీటర్ల జింక అందులో అయిదో వంతు. 24 మెగాపిక్సెళ్ల బాడీలో దాని మీద పడేది 1200 పిక్సెళ్లు. అదే లెన్సు, అదే చోటు, 24 మెగాపిక్సెళ్ల నికాన్ క్రాప్ బాడీ అయితే 1800 దాటుతాయి. బోలెడు డబ్బు పోసి జింకను చిన్నది చేసుకున్నట్టు. ఈ నష్టం చాలావరకు పూడ్చుకోవాలంటే 45 మెగాపిక్సెళ్ల బాడీ కొనాలి, లేదా 800 కావాలి. అందుకే పాత క్రాప్ బాడీని అయినకాడికి అమ్మేయడం మంచి సలహా కాదు. వచ్చే డబ్బు ఎలాగూ కొద్దే. పొడవాటి లెన్సు దానికి తగిలించి ఉంచేసి, ఫుల్‌ఫ్రేమ్‌ను మిగతా పనులకు వాడుకోవడం నయం.

దీనికీ మినహాయింపు నంది కొండ మీదే ఉంది. పైన మంచు పట్టిన చెట్ల నీడలో చిన్న పిట్టలు ఎనిమిది పది మీటర్లలోనే తిరుగుతాయి, వెలుగే ఉండదు. అక్కడ పెద్ద సెన్సరు గెలుస్తుంది, చిన్న ద్వారమున్న లెన్సు ఓడిపోతుంది. 2020లో కెనాన్ తెచ్చిన 800 ఎఫ్/11 మైదనహళ్లి ఎండలో బాగుంటుంది. నంది మంచులో ఐఎస్‌ఓ చుక్కలను అంటించుకుని వస్తుంది. జూములు కావాలనుకుంటే సోనీ 200-600 (2019), నికాన్ జెడ్ 180-600 (2023) రెండూ రెండు కిలోల అటూఇటూ ఉన్నా, ఆ బరువుకు తగ్గ పని చేస్తాయి.

శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టు, రీలింగ్ ఆవిరి మధ్య పనిచేసే చేతులు తీయడానికి 35 ఎఫ్/1.8 ఒక్కటి చాలు. పూలతోటలకు మాక్రో. వాటి మీద పెద్ద వివాదం లేదు.

సెకండ్‌హ్యాండ్ లెన్సు కొనడానికి ఎక్కువమంది బెంగళూరు వెళ్తారు. మూడు ఊళ్లకూ అది గంటన్నర, రెండు గంటల దారి. బిల్లు, సీరియల్ నంబరు సరే, లెన్సును రెండు రకాలుగా పరీక్షించాలి. వెనుక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూస్తే లోపల సాలెగూడు పోగుల్లాంటి ఫంగస్ ఉంటే బయటపడుతుంది. దుమ్ము రేణువులు నాలుగైదు ఉంటే బొమ్మకేం కాదు. ఫంగస్ ఉంటే ఎంత చవకైనా వద్దు. రెండోది, వీధికి అటువైపు మూసిన దుకాణం షట్టరు. అడ్డగీతలు బారుగా ఉండే ఆ ఇనుప షట్టరుకు ఎదురుగా నిటారుగా నిలబడి, ద్వారం పూర్తిగా తెరిచి తీసి, నాలుగు మూలలనూ పెద్దవి చేసి చూడాలి. నాలుగూ ఒకే తీరున మెత్తగా ఉంటే అది లెన్సు స్వభావం. ఒక మూల మాత్రమే చెదిరితే లెన్సు ఎప్పుడో కింద పడింది, లోపలి గాజు పక్కకు జరిగింది. అమ్మేవాడు పడలేదన్నా మూల ఒప్పుకోదు.

కొనకుండా తేల్చుకోవాలంటే బాడుగ ఉంది. బాడుగ లెన్సులు ముహూర్తాల రోజుల్లో ముందే వెళ్లిపోతాయి కాబట్టి పెళ్లి ఒప్పుకున్నరోజే లెన్సుకూ మాట చెప్పుకోవాలి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, లెన్సులు అరల్లో ఉంటాయి, ఫొటోగ్రాఫర్లూ ఖాళీ. ఆ నెల పున్నమికే చింతామణి తాలూకా కైవారంలో, తెలుగులో తత్వాలు చెప్పిన నారాయణ తాతయ్య సన్నిధిలో, గురుపూర్ణిమ సంగీతోత్సవం జరుగుతుంది. పాడేవాళ్లు వేదిక మీద, జనం నేల మీద, ఫొటోగ్రాఫరు పక్కన ఒక మూల. అడ్డం వెళ్లడానికి లేదు, వెలుగు వేదిక దీపాలదే. 70-200 ఎఫ్/2.8 కు రెండు లక్షలు పెట్టాలా, ఎఫ్/4 చాలా, పాత ఈఎఫ్ బరువు గంటల తరబడి మోయగలమా అన్నది అక్కడ ఒక్క రాత్రి బాడుగతో తెలిసిపోతుంది. షట్టరు చప్పుడు ఆపేసి తీయాలి. ముందు వరుసలో కళ్లు మూసుకుని వింటున్నవాళ్లకు ఫుల్‌ఫ్రేమ్ గొడవ అక్కర్లేదు.